గుడ్డలోంచి దిగిన పొడి

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న పరీక్షల ల్యాబులో నేను పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. సిమెంటు, ఇసుక, సున్నం, బోరు నీళ్లు, ఎవరేది తెచ్చి బల్ల మీద పెట్టినా పరీక్ష చేసి కాగితం రాసిస్తాం. ఇన్నేళ్లలో సంతకం పెట్టిన కాగితాలు కొన్ని వేలుంటాయి. అందులో ఒకదాన్ని మా లీదియా పిన్ని తన బైబిల్లో మడిచి దాచుకుంది. ఆ కాగితంలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. అయినా అది గుర్తొస్తే ఇవాళ్టికీ నా ఒళ్లు చల్లబడిపోతుంది. పిన్ని ఎలాంటి మనిషో తెలియకపోతే ఆ కాగితం సంగతి అర్థం కాదు కాబట్టి ముందు ఆమె గురించే చెబుతాను.

లీదియా మా అమ్మకు స్వయానా చెల్లెలు. వయసు యాభై ఆరు. తాతయ్య భీమిలి వైపు నుంచి ఓడెక్కి ఈ ద్వీపాలకు వచ్చాడు, పిన్ని మాత్రం ఇక్కడి రేవు పేట జంగ్లీఘాట్‌లోనే పుట్టింది, అక్కడే పెరిగింది, అక్కడే పెళ్లాడింది. ఆరో క్లాసు వరకు హిందీలో చదివింది. తెలుగులో చదివేది బైబిలు ఒక్కటే, అదీ వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. ఎవర్నీ మెచ్చుకోదు. నా పెళ్లి చీర చూసి అందరూ బాగుందంటే, పిన్ని అంచు పట్టి చూసి "ఉతికితే తెలుస్తాది" అని వదిలేసింది. ఆ మాటకు నేను నెల రోజులు అలిగాను. తీరా ఉతికాక రంగు పోయింది, అది వేరే విషయం.

శుభ్రం విషయంలో పిన్ని మరీ మొండి. ఇంట్లో బియ్యం బస్తా కొత్తది విప్పితే, మొదటి గిన్నె చర్చికి వెళ్లాలి. అది కూడా చెయ్యి పెట్టి తీయదు. కడిగి తుడిచిన గిన్నెను బస్తాలో ముంచి, అలాగే తీసి సంచిలో పోస్తుంది. చెయ్యి తగిలితే అది వాడుకున్న బియ్యం కింద లెక్క. చేపలు తెచ్చినా, మునగకాయలు కోసినా, బయటివాళ్లకు ఇచ్చేది ఏదైనా మొదటిదీ ముట్టుకోనిదీ అయి ఉండాలి. మా అందరికీ ఆమె దగ్గరే అలవాటైన మర్యాద ఇది. పోలియో చుక్కలు వెయ్యడానికి వచ్చిన అమ్మాయికి కూడా మంచినీళ్లు కొత్తగా నింపిన బిందె మూత తీసి ఇచ్చేది.

ఆమె భర్త ప్రేమయ్య పడవల మేస్త్రీ. జంగ్లీఘాట్ చేపల రేవు వెనకాల గణేశ్వరరావు గారి రేకుల షెడ్డులో పాత పడవలు బాగుచేసేవాడు. గణేశ్వరరావు గారిది కూడా మూడు తరాలుగా ఇక్కడి కుటుంబమే, మనిషి మంచివాడు, నోరు పెద్దది. బాబాయి తన తండ్రి దగ్గర నేర్చుకున్న పని గుగ్గిలం పని. కొయ్య పడవకు పలకల సందులు పూడ్చాలంటే గుగ్గిలాన్ని రోట్లో దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, ఆ పొడిని నూనెలో కలిపి ముద్ద చేసి కూరతారు. పొడి ఎంత మెత్తగా ఉంటే సందు అంత గట్టిగా పడుతుంది. వేలికి తగిలే పొడి పెట్టిన మేస్త్రీని రేవులో ఎవరూ రెండోసారి పిలవరు.

కాలక్రమంలో ఫైబరు పడవలు వచ్చాయి. గుగ్గిలం పోయింది. దాని బదులు చెన్నై నుంచి ఓడలో తెల్లటి పొడి బస్తాలు రావడం మొదలైంది. ఆ పొడిని జిగురు మందులో కలిపి పడవ చిల్లులకు పూస్తారు. బస్తా మీద క్వార్ట్జ్ అని రాసి ఉంటుంది. అంటే తెల్ల పలుగురాయిని మరలో ఆడించిన ఇసుక. అది బస్తాలోంచి తీసి నేరుగా కలుపుకునే సరుకు. చెన్నైలో, వైజాగ్‌లో అలాగే కలుపుకుంటారట. బాబాయికి మాత్రం అది నచ్చలేదు. వేళ్ల మధ్య రుద్ది చూస్తే గరగరలాడింది. పనిమంతుడు కదా, తండ్రి నేర్పిన పద్ధతిలోకి దిగాడు. ఇనప రోలు తెప్పించాడు. పిన్ని దంచేది, ఆయన పాత వాయిల్ చీర ముక్కను రెండు మడతలు పెట్టి, తపేలా మూతికి కట్టి జల్లించేవాడు. దిగిన పొడితో పూసిన పడవకు పదేళ్లు చుక్క నీరు రాలేదని రేవంతా చెప్పుకునేవారు. దాన్ని ప్రేమయ్య పిండి అనేవారు.

ఈ దంచడం, జల్లించడం సంగతి నాకు అప్పట్లో తెలియదు. తెలియకపోవడానికి సాకు కూడా లేదు. నేనుండే డిగ్నాబాద్ నుంచి ఆ షెడ్డుకు ఆటోలో పావుగంట. ఆదివారాలు చర్చిలో పిన్ని కుటుంబాన్ని చూసేదాన్ని, పండగకు ఇంటికి వెళ్లేదాన్ని, షెడ్డులోకి మాత్రం ఎప్పుడూ అడుగు పెట్టలేదు. చేపల వాసన అని ముక్కు మూసుకునే మనిషిని నేను. రేవులో పుట్టినదాని కూతురినై ఉండి కూడా.

బాబాయి ఆరేళ్లు దగ్గి దగ్గి పోయాడు. టీబీ అన్నారు. రెండుసార్లు పూర్తిగా మందులు వాడాడు. కఫం పరీక్ష చేసినప్పుడల్లా ఏమీ లేదనే వచ్చేది, మందులు మాత్రం ఇస్తూనే ఉండేవారు. చివరి ఏడాది మంచం మీద వెల్లకిలా పడుకోలేక, దిండుకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు. ఆయన పోయాక షెడ్డులో ఆయన పీట ఖాళీ అయింది. ఆయన పోయిన పది నెలలకు ఆ పీట మీద జూడీ కూర్చుంది.

జూడీ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. అప్పటికి ఇరవయ్యేళ్లు. నన్ను దీదీ అని పిలుస్తుంది. కాలేజీ మధ్యలో మానేసి తల్లితో పాటు పనికి వెళ్తానంది. పిన్ని ముందు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. రోకలి ముట్టుకోకూడదు. అది ఎనిమిది కిలోల ఇనుము, పిల్ల నడుం విరుగుతుంది. దంచేది తనే. పిల్ల కూర్చుని జల్లించాలి, అంతే.

రెండేళ్లు తిరక్కుండా జూడీకి దగ్గు మొదలైంది. పొడి దగ్గు. పొద్దున లేవగానే, మెట్లు ఎక్కగానే. వర్షాకాలం వచ్చిందంటే మా ఊళ్లో దగ్గని మనిషి ఉండడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, పిన్ని తప్ప. మొగుడి దగ్గు ఆరేళ్లు విన్న మనిషి. ఒకరోజు పొద్దున్నే ల్యాబుకు వచ్చింది. చేతిలో మూత పెట్టిన స్టీలు డబ్బా, డబ్బా చుట్టూ తెల్లటి తువ్వాలు.

"ఇదిగో కేథీ, షెడ్డులో పొడి. మీ బాబాయికి టీబీ అన్నారు గానీ నాకేటో డౌటుగా ఉంది. ఈ పొడి ఛాతీలోకి పోతాదా, పోదా, అది సూసి సెప్పు. పోతాదంటే జూడీని ఈ రోజే మాన్పించేస్తాను. నాకింకోళ్లు లేరు."

ఆమె అడిగింది అంతే. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం డబ్బాను తువ్వాలులో చుట్టి తెచ్చింది.

బస్తా మీద క్వార్ట్జ్ అని రాసి ఉందని పిన్ని చెప్పగానే నేనూ ఉలిక్కిపడ్డాను. రాతి దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడతాయని చదివినదాన్నే. కానీ రాయి కావడం ఒక్కటే కాదు, దాని నలుసు ఎంత చిన్నదన్నది అసలు విషయం. మన వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. అంతకంటే పెద్ద నలుసు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, చీదితే పోతుంది. పది మైక్రాన్ల లోపుది ఛాతీలోకి దిగుతుంది. నాలుగు లోపుది ఊపిరితిత్తి చిట్టచివరి గది దాకా వెళ్లి కూర్చుంటుంది, ఇక దాన్ని ఎవరూ బయటికి తీయలేరు. కంటికి కనిపించే దుమ్ము కంటే కనిపించని దుమ్ముకే భయపడాలి.

మా దగ్గర ఇత్తడి జల్లెళ్లున్నాయి, ఒకదాని కింద ఒకటి, పైనుంచి కిందికి కన్ను చిన్నదవుతూ వస్తుంది. పిన్ని ఎదురుగానే వంద గ్రాములు తూచి పైన పోశాను. పది నిమిషాలు మిషను ఆడించాను. ఒక్కో జల్లెట్లో మిగిలింది తూచాను. తొంభై ఆరు గ్రాములు వెంట్రుక కంటే మందమైన నలుసులే. అన్నిటికంటే కింద నలభై అయిదు మైక్రాన్ల జల్లెట్లోంచి దిగింది అర గ్రాము కూడా లేదు. ఊరికే చేసింది కాదు, రెండోసారి కూడా చేశాను. అదే లెక్క.

నేను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాను. "భయపడకు పిన్నీ. ఇది దుమ్ము కాదు, ఇసుక. ఛాతీ దాకా వెళ్లదు" అన్నాను. కాగితం కూడా రాసిచ్చాను. పీల్చితే ఊపిరితిత్తుల్లోకి చేరే పరిమాణంలో నలుసులు దాదాపు లేవు అని. ఆమెకు అర్థమయ్యేలా కింద తెలుగులో ఒక వాక్యం చేత్తో రాశాను, ఈ పొడి వల్ల ఛాతీకి భయం లేదు అని. ఆ వాక్యం రాయమని ఎవరూ అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి రాశాను.

పిన్ని వేలు పెట్టి ఆ వాక్యం చదివింది. రెండుసార్లు చదివింది. "స్తోత్రం" అంది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. ఆమె నన్ను మెచ్చుకున్నది జీవితంలో అదే మొదలు.

ఆ కాగితం అండ చూసుకుని జూడీ దగ్గుకు ఎక్స్‌రే కూడా తీయించలేదు. ఆవిరి పట్టారు, మిరియాల కషాయం ఇచ్చారు. ఏడు నెలలు గడిచాయి. డిసెంబరులో జూడీ కేకులు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. డిగ్నాబాద్‌లో మా సందు ఎత్తు మీద ఉంటుంది. కిటికీలోంచి చూస్తున్నాను, పిల్ల ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆగి ఫోను చూసుకుంటోంది. పది అడుగులు వేసి మళ్లీ ఆగి ఫోను చూసుకుంది. ఈ కాలం పిల్లలకు ఫోను లేనిదే అడుగు పడదని విసుక్కున్నాను. ఆమె ఫోను చూడటం లేదనీ, ఊపిరి కూడదీసుకుంటోందనీ నాకు తట్టలేదు. ల్యాబులో పనిచేసే మనిషిని, మైక్రాన్లు కొలిచే మనిషిని, ఎదురుగా రొప్పుతున్న పిల్లను చూసి ఫోను పిచ్చి అనుకున్నాను.

ఫిబ్రవరిలో గణేశ్వరరావు గారు తన పెద్ద పడవ బాగుచేయించి నీళ్లలోకి దింపుతూ మమ్మల్నందర్నీ పిలిచారు. ఆయన కొబ్బరికాయ కొడతారు, పనివాళ్ల కోసం మా పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, తర్వాత టిఫిను. పది గంటలకు రమ్మంటే నేను తొమ్మిదికే వెళ్లాను. పిన్ని, జూడీ షెడ్డులో చివరి చిన్న పని ఏదో ముగిస్తున్నారని చెబితే నేరుగా లోపలికి వెళ్లాను. ఆ షెడ్డులోకి నేను వెళ్లడం అదే మొదటిసారి.

సముద్రం వైపు తలుపులన్నీ మూసి, సందుల్లో గోనె సంచులు కుక్కి ఉన్నాయి. గాలి వస్తే పొడి ఎగిరిపోతుందని. రేకుకు మేకు చిల్లు ఒకటి ఉంది. అందులోంచి ఎండ సన్నగా లోపలికి పడుతోంది. ఆ వెలుగు చారలో తెల్లటి పొగ తిరుగుతోంది, కిందికి దిగకుండా, పైకి పోకుండా, అక్కడే. ఒక మూల పిన్ని రోకలి ఎత్తి వేస్తోంది. ఆమెకు నాలుగడుగుల దూరంలో పీట మీద జూడీ, మూతికి దుపట్టా కట్టుకుని, తపేలా మీద వంగి గుడ్డను రెండు చేతులతో తడుతోంది. తట్టినప్పుడల్లా ముఖానికి తెల్లగా లేస్తోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నా ముందు జరుగుతున్నది ఏమిటో బుర్రకు అందుతోంది.

పిన్ని నన్ను చూసి రోకలి ఆపింది. సంతోషంగానే ఉంది. తపేలాలోంచి చిటికెడు తీసి నా వేళ్ల మధ్య పెట్టి రుద్దింది. "పట్టి సూడు. వేలికేటైనా తగుల్తుందా? మైదాపిండి కూడా ఇంత నున్నగుండదు. మీ ల్యాబు జల్లెడ కూడా ఇంత మెత్తగా పట్టలేదు."

నిజమే, వేలికి ఏమీ తగల్లేదు. అక్కడ ఏమీ లేనట్టే ఉంది.

"పిన్నీ, నువ్వు నాకు తెచ్చిన పొడి ఇదేనా?"

"అదే. ఇదే బస్తా సరుకు."

"దంచక ముందు తీసిందా, జల్లించాక తీసిందా?"

పిన్ని నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. అడగరాని మాట అడిగానన్నట్టు చూసింది. "జల్లించింది ఎలా తెస్తానే? రోట్లో పడి, మా చేతులు పడి, చెమట పడి ఉంటాది కదా. ఆఫీసుకిచ్చేది. కొత్త బస్తా మూతి విప్పి, గిన్నె కడిగి, ముట్టుకోకుండా తీసి తెచ్చాను. చర్చికిచ్చినట్టు తెచ్చాను."

అన్ని నెలల క్రితం ఆ స్టీలు డబ్బా చుట్టూ తెల్ల తువ్వాలు చూసి కూడా నేను ఒక్క ప్రశ్న అడగలేదు. మా ఫారంలో నమూనా ఎక్కడ తీశారు అని ఒక గడి ఉంటుంది. అందులో నేను బస్తా అని రాసుకున్నాను. మనిషి ఎక్కడ కూర్చుని పీలుస్తుందో అక్కడ తీసిందా అని అడగాలి. అది చదువుకున్న నేను అడగాల్సిన ప్రశ్న, ఆరో క్లాసు చదివిన పిన్ని ఊహించాల్సింది కాదు. ఆమె తన మర్యాదకు తగ్గట్టు ఇంట్లో ఉన్నదాంట్లోకెల్లా మంచిది తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఆ మంచిదాన్ని కొలిచి, చెడ్డదాని మీద సంతకం పెట్టాను.

"జూడీ, లే. బయటికి రా" అన్నాను.

జూడీ దుపట్టా కిందికి లాగింది. కనుబొమ్మల మీద, కనురెప్పల మీద తెల్లగా ఉంది. "క్యా హువా దీదీ? నువ్వే కదా సేఫ్ అని రాశావ్" అంది. ఆమె నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అడిగింది.

గణేశ్వరరావు గారు అప్పుడే కొబ్బరికాయ చేత్తో పట్టుకుని వచ్చారు. విషయం చెబితే ముందు నమ్మలేదు. "ఇరవై ఏళ్ల బట్టి ఇదే పిండి కదమ్మా. ప్రేమయ్య చేతి పని. ఈ షెడ్డుకి ఇజ్జత్ ఇచ్చిందే అది" అన్నారు. తర్వాత వెలుగు చారలో తిరుగుతున్న పొగను ఆయన కూడా చాలాసేపు చూశారు. కొబ్బరికాయ బల్ల మీద పెట్టి, సంచులు తనే పీకి, సముద్రం వైపు తలుపులు తీశారు. ఆ రోజు పడవ దిగలేదు.

తపేలాలో పొడి నేనే డబ్బాలో తీసుకున్నాను. మర్నాడు ల్యాబులో పరీక్ష పెట్టాను. పిన్ని తన కళ్లతో చూస్తానని వచ్చి, స్టూలు వేసుకుని కూర్చుంది. ఇత్తడి జల్లెళ్లు ఈసారి పనికి రాలేదు. సగానికి పైగా పొడి అన్ని జల్లెళ్లనూ దాటి అడుగు పళ్లెంలోకి వచ్చేసింది. అక్కడి నుంచి ఇంకా ఎంత చిన్నదో చెప్పడం జల్లెడ వల్ల కాదు. అందుకని రెండు పొడవాటి గాజు జాడీలు తీశాను. ఒకదాంట్లో పిన్ని మొదట తెచ్చిన పొడి, మా బీరువాలో మిగిలిందే, రెండోదాంట్లో తపేలా పొడి. రెంటిలోనూ నీళ్లు పోసి బాగా కలిపి బల్ల మీద పెట్టాను. పెద్ద నలుసు గబగబా అడుక్కు దిగుతుంది. చిన్నది ఆలస్యంగా దిగుతుంది. జానెడు లోతు దిగడానికి పది మైక్రాన్ల నలుసుకు అరగంట పడుతుంది, నాలుగు మైక్రాన్లదానికి మూడు గంటలు దాటుతుంది. నీళ్లు తేరే సమయాన్ని బట్టి నలుసు సైజు చెప్పవచ్చు.

మొదటి జాడీ, మూత తీసి పెట్టేలోపే తేరింది. పైన నీళ్లు తాగేటట్టు ఉన్నాయి. రెండో జాడీ పాలలా ఉంది. అరగంటకీ పాలే. పిన్ని కదలకుండా చూస్తోంది. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు నేను గొట్టంతో పైనుంచి జానెడు లోతులో కొంచెం నీళ్లు తీసి, ఆరబెట్టి, తూచాను. నాలుగు గంటలు నిలబడ్డ ఆ నీళ్లలో ఇంకా రాయి ఉంది. లెక్క వేస్తే, జూడీ జల్లించిన ప్రతి వంద గ్రాముల్లో తొమ్మిది గ్రాములు ఛాతీ చివరి దాకా వెళ్లగలిగినంత చిన్నవి. ఆ అంకె రెండుసార్లు వేశాను.

"ఇంకెప్పుడు దిగుతాదే ఇది?" అంది పిన్ని జాడీ వంక చూస్తూ.

"రేపటికి గానీ దిగదు పిన్నీ."

"మరి లోపలికి పోతే?"

"లోపలికి పోయింది బయటికి రాదు."

పిన్ని నెమ్మదిగా, లెక్క చెప్పినట్టు చెప్పింది. "మీ బాబాయి కఫంలో ఎప్పుడూ ఏటీ కనపడలేదు. ఆయనే జల్లించీవోడు. నేను దంచీదాన్ని." సంచిలోంచి బైబిలు తీసింది. అందులోంచి నా కాగితం తీసి విప్పి, మడత చేత్తో సాపు చేసి, నా బల్ల మీద పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. తిట్టనందుకు నేను బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ వారంలోనే తల్లీకూతుళ్లిద్దరికీ ఎక్స్‌రేలు తీయించాను. జూడీ వెంటనే తీయించుకుంది. పిన్ని తనకెందుకంది, డాక్టరు ఒత్తిడి చేస్తే ఒప్పుకుంది. నాలుగు రోజుల తర్వాత ఫలితం చెప్పడానికి పిలిచారు. జూడీని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మేమిద్దరం లోపలికి వెళ్లాం. అలా చేయమన్నది పిన్నే. ముందు తను వినాలంది.

డాక్టరు హిందీ అతను, వయసు తక్కువ. రెండు ఫిల్ములు పక్కపక్కన వెలుగు డబ్బాకు తగిలించాడు. నాకు ఎక్స్‌రే చదవడం రాదు. ఆ రెంటికీ తేడా కనిపెట్టడానికి రానవసరం కూడా లేదు. కుడివైపు ఫిల్ములో అక్కడక్కడా నాలుగైదు చుక్కలున్నాయి. ఎడమవైపుదాంట్లో మెడ కింద నుంచి సగం దాకా, రెండు పక్కలా, బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలే.

పిన్ని ఆ ఎడమ ఫిల్మును చూసి పెద్దగా ఊపిరి వదిలింది. ముఖం తేటపడింది. నా మోచెయ్యి పట్టుకుని "నాదే పాడయిపోయింది కేథీ. అచ్ఛా హువా. పిల్లది ఫరవాలేదు" అంది. నేనూ అదే అనుకున్నాను. ఇరవై ఏళ్ల పని ఒకరిది, మూడేళ్ల పని ఒకరిది. నాకూ ఒక్క క్షణం గుండె తేలికపడింది. అందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

డాక్టరుకు తెలుగు రాదు కానీ పిన్ని వేలు ఎటు చూపించిందో చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఎడమవైపుది జూడీది అన్నాడు. పని ఈ రోజే మానెయ్యాలని, వచ్చింది పోదని, పెరగకుండా చూడటం ఒక్కటే చేతిలో ఉందని, చెన్నైలో ఛాతీ డాక్టర్లకు చూపించాలని చెప్పాడు. మధ్యలో అతను వాడే ఇంగ్లీషు మాటల్ని నేను తెలుగులో విడమరిచి చెబుతున్నాను. పిన్ని వినడం లేదు.

"పేరు తారుమారు అయ్యుంటాది డాక్టర్ సాబ్. మిస్టేక్ హోగా" అంది. "బరువు పనంతా నాది. రోకలెత్తింది నేను. పిల్లకి తేలిక పనిచ్చాను. కూకుని గుడ్డ తట్టడమే, ఇంకేటీ లేదు. నడుం నొప్పి వస్తాదని ముట్టుకోనివ్వలేదు."

నాకు అప్పుడు అర్థమైంది. రోట్లో దంచితే లేచేది పెద్ద దుమ్ము, దాదాపు అక్కడే పడిపోతుంది. గుడ్డ తట్టినప్పుడు లేచేదే ఆ కంటికి కనపడని నలుసు, జల్లించేవాళ్ల ముఖానికే లేస్తుంది. షెడ్డు మొత్తంలో అంతకంటే ప్రాణాంతకమైన చోటు ఇంకొకటి లేదు. కూతురి మీద ప్రేమ కొద్దీ పిన్ని వెతికి వెతికి ఆ చోటునే ఇచ్చింది. ఈ మాట ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

డాక్టరు వాదించలేదు. కుడివైపు ఫిల్ములో భుజం దగ్గర కాలర్ ఎముక మీద వేలు పెట్టాడు. అక్కడ ఎముక విరిగి అతుక్కున్న ముడి ఉంది. ఎప్పుడు విరిగిందని అడిగాడు.

సునామీ నాడు భూమి ఊగినప్పుడు పిన్ని ఇంటి మెట్ల మీంచి పడింది. ఆ ఎముక విరిగి రెండు నెలలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగింది. ఆమె చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లింది. జాకెట్టు అంచు పక్కకు జరిపి, ఆ ముడిని వేళ్లతో తడుముకుంది. ఫిల్ము వంక చూసింది, మళ్లీ తడుముకుంది.

"నాదే" అంది.

పిన్ని ఏడవలేదు. దగ్గరికి వెళ్లి ఎడమ ఫిల్మును, జూడీదాన్ని, కింది నుంచి పైకి ఒక్కొక్క చుక్కా చూసింది, బైబిలు చదివినట్టే వేలు పెట్టి. తర్వాత కొంగు సర్దుకుంది.

"జూడీకి నేను చెప్పనా పిన్నీ?" అన్నాను.

"వద్దు" అంది. "ఆ పీట మీద కూకోబెట్టింది నేను. నేనే సెప్తాను."

తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లింది. తల్లి రావడం చూసి జూడీ నవ్వుతూ ఫోను పక్కన పెట్టి, ఆమె కూర్చోవడానికి బెంచీ మీద కొంచెం జరిగింది.